రోహిణి ఎండలో మామిడి తాండ్ర



నిమ్మతొనల్లో నిమ్మపండు ఉండదు. చిన్నప్పుడు ఆ సంగతి మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. పసుపుపచ్చగా ఉంది, తొన ఆకారంలో ఉంది, నాలిక మీద పుల్లపుల్లగా తగిలింది, అంతే చాలు. పక్క సీసాలో పంచదార అద్దిన ఎర్ర జెల్లీ ముక్కలదీ అదే కథ. పంచదార పాకం, దాన్ని గడ్డకట్టించే పదార్థం, కాస్త రంగు, కాస్త సెంటు. మా ఊరి బడ్డీ కొట్టులో ఉన్న మిఠాయిలన్నిటిలోకీ నిజంగా పండుతో చేసింది ఒక్కటే. అది సీసాలో ఉండేది కాదు. బల్ల మీద ఒక మూల, కాగితం కప్పి ఉంచిన ముదురు రంగు దిమ్మ. మామిడి తాండ్ర. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

నేను ఉత్తరాంధ్రలో పెరిగాను. మా వైపు వేసవి సెలవులు సగం గడిచేసరికి కొత్త తాండ్ర కొట్లలోకి వచ్చేది. కొట్టు తాత కత్తిని తడిగుడ్డతో తుడిచి, దిమ్మ అంచు నుంచి రెండు వేళ్లంత ముక్క కోసి, పాత పత్రిక కాగితంలో పెట్టి ఇచ్చేవాడు. కత్తి అంత తేలిగ్గా దిగేది కాదు. పైనుంచి అరచేత్తో నొక్కాలి. ఆ ముక్క కాగితానికి అంటుకునేది, వేళ్లకు అంటుకునేది, చివరికి పళ్లకు అంటుకుని ఇంటికెళ్లాక కూడా వదిలేది కాదు. మిగతా మిఠాయిలు నోట్లో వేసుకున్న కాసేపటికి అయిపోతాయి. తాండ్ర ఒక సాయంత్రమంతా వచ్చేది.

దాన్ని ఒక్కసారిగా కొరికి మింగడం మాలో ఎవరికీ అలవాటు లేదు. గోటితో అంచు దగ్గర గిల్లి, ఒక పొర పట్టు దొరికించుకుని, చిరగకుండా మెల్లగా లాగాలి. వచ్చిన పొరను ఆకాశం వైపు పట్టి చూస్తే ఎర్రటి వెలుతురులో సన్నటి పీచు గీతలు కనిపించేవి. పై పొర కాస్త బిరుసు, లోపలి పొరలు మెత్తన, అడుగు పొర అన్నిటికన్నా గట్టిది. ఆ అడుగు పొర మీద చాప అల్లిక అచ్చు పడి ఉండేది. అడ్డం, నిలువు గళ్లు. ఆ అచ్చున్న ముక్క కోసం మేం పోట్లాడుకునేవాళ్లం. రుచిలో తేడా ఏమీ లేకపోయినా అదే గొప్ప ముక్క అని మా నమ్మకం. నాలికతో ఆ గళ్లను తడిమి తడిమి, అవి అరిగిపోయాకే నమిలేవాళ్లం.

ఇప్పుడు సూపర్ మార్కెట్లో దొరికే తాండ్ర మీలో చాలామంది తినే ఉంటారు. మెరిసే కాగితంలో చుట్టిన చిన్న బిళ్ల, నిండు పసుపు రంగు, మెత్తన, తియ్యన. పిల్లలు ఇష్టంగానే తింటారు. నేనూ కొన్నాను, తిన్నాను. తీపి ఉంది, మామిడి వాసన ఉంది. పులుపు లేదు. నమలడానికి పళ్లకు ఏ పనీ లేదు. చిన్నప్పటి రుచి పెద్దయ్యాక దొరకదని, అది మన వయసు చేసే మాయ అని అందరూ అంటుంటారు. తాండ్ర విషయంలో నేను ఆ మాట ఒప్పుకోను. మారింది నా నాలిక కాదు. తయారీలో కొన్ని పనులు మారాయి. అవేమిటో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ తయారీ చూడడానికే భీమాళి వెళ్లాను.

భీమిలి వేరు, భీమాళి వేరు. భీమిలి విశాఖపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఉంది. భీమాళి విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలో ఉంది. కొత్తవలస దాటి శృంగవరపుకోట వైపు, అరకు వెళ్లే రైలు దారి చుట్టుపక్కల ఊరు. తెలుగునాట తాండ్రకు పేరుపడిన ఊళ్లు రెండు చెప్పమంటే ఒకటి భీమాళి, రెండోది గోదావరి లంకల దగ్గరి ఆత్రేయపురం. ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ పూతరేకులకే. కానీ ఆ ఊరివాళ్లు వేసవిలో తాండ్ర కూడా పోస్తారు. చేసే తీరు రెండు చోట్లా దాదాపు ఒకటే. పండు వేరు, ఎండ వేరు, అందుకని రుచిలో చిన్న తేడా.

మే నెలలో భీమాళిలాంటి ఊళ్లో నడిస్తే ముందుగా ముక్కుకు తెలుస్తుంది. పండిన మామిడి వాసన కాదు అది. పండు వాసనకు ఎండ తగిలి, అందులో పంచదార మాగి వచ్చే మరో వాసన. ఇళ్ల ముందు, పెరళ్లలో, ఖాళీ కళ్లాల్లో నడుమెత్తు పందిళ్లు వేసి, వాటి మీద చాపలు పరిచి ఉంటాయి. ఒక చాప నిండుపసుపు, పక్కది కాషాయం, ఆ పక్కది ఇటుక రంగు, చివరిది దాదాపు నలుపు. ఆ చాపల వరస చూస్తే ఏది ఎన్నాళ్ల కిందట మొదలైందో రంగే చెప్పేస్తుంది.

తాండ్రకు కోత మామిడి కన్నా రసం మామిడే మేలు. బంగినపల్లి పండు ముక్కలు కోసుకుని తినడానికి రాజు. తాండ్రకు దాన్ని వాడడం దండగ. పీచున్న నాటు పండు, రసాలు, కలెక్టర్ కాయ, ఇవి తాండ్ర పళ్లు. ఇంకో మాట. సంతకు పోని పండు కూడా తాండ్ర పండే. గాలికి రాలింది, మచ్చ పడింది, మరీ చిన్నది, నాలుగు రోజులు ఆగితే కుళ్లిపోయేంత మగ్గింది. పెట్టెలో పేర్చి పట్నం పంపలేని పండును వీళ్లు తెచ్చుకుని, మచ్చలు కోసి, కడిగి, పిండుతారు. మామిడి కాపు ఒక్కసారిగా మీద పడుతుంది. ఊరంతా తిన్నా, బంధువులకు పంచినా మిగిలిపోతుంది. ఆ మిగులును ఏడాది పాటు నిలవ ఉంచుకునే ఉపాయం ఇది. కాయకు ఆవకాయ, పండుకు తాండ్ర.

పిండిన రసాన్ని జల్లెడ పడతారు. పీచు, టెంకకు అంటిన గుజ్జు పైన ఉండిపోతాయి. కిందికి దిగిన చిక్కటి రసంలో పంచదారో బెల్లమో కలుపుతారు. అప్పుడు పొయ్యాలి. చాప మీద దోసె పోసినట్టు పల్చగా, అంచు నుంచి అంచుకు ఒకే మందాన. ఆ ఒక్క పొర ఆ రోజు ఎండకు ఆరాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. ఆ మర్నాడు మరొకటి. ఇలా పొర మీద పొర, కావలసినంత మందం వచ్చేదాకా. ఎండ దయతలిస్తే వారం, పది రోజులు. మబ్బు పడితే ఇంకా ఎక్కువ.

మా పిన్ని ఇంటి దగ్గర కూడా ఏటా ఒక చాప తాండ్ర పోసేది. కాకుల్ని తోలడం నా పని. పొడుగాటి కర్ర పట్టుకుని పందిరి నీడలో కూర్చునేవాణ్ని. ఒకనాడు తొందరపడి, రెండు పొరలూ ఒకేసారి పోసేస్తే పని అయిపోతుంది కదా అని అడిగాను. "కిందది ఆరకుండా పైది పొయ్యకూడదురా, రెండూ చెడతాయి" అంది. ఆ మాట వెనక ఉన్న సంగతి తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. మందంగా పోస్తే పైభాగం ముందు ఆరి బిగుసుకుంటుంది. ఆ బిగిసిన పై తొక్క లోపలి తడిని బయటికి పోనివ్వదు. తడి లోపలే ఉండిపోతే గుజ్జు పులుస్తుంది, బూజు పడుతుంది. పల్చటి పొరకు ఆ బెడద లేదు. మే నెల ఎండ పొద్దుటి నుంచి సాయంత్రానికి అడుగు దాకా దిగి తడిని లాగేస్తుంది. పిన్ని చదివింది అయిదో తరగతి. ఆరబెట్టడం గురించి ఆమెకు తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. నా మాటంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది.

మామిడి గుజ్జులో 100 గ్రాములకు 80 గ్రాములు పైగా నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పండులో పుట్టిన చక్కెర, కొంచెం పులుపు, కొంచెం పీచు, గడ్డకట్టించే పెక్టిన్. ఆరిన తాండ్రలో నీరు 15 నుంచి 20 శాతం. అంటే పంచదార చిటికెడు కూడా వెయ్యకుండా కిలో గుజ్జు ఆరబోస్తే చేతికొచ్చేది 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. పీచు పండులో తొక్కా టెంకా పోగా గుజ్జు సగమో, కాస్త పైనో ఉంటుంది. కిలో అచ్చమైన తాండ్ర కావాలంటే ఎనిమిది నుంచి పది కిలోల పళ్లు పిండాలి. ఇప్పుడు అదే కిలో గుజ్జులో 200 గ్రాముల పంచదార కలపండి. చేతికొచ్చే తాండ్ర 400 గ్రాములు దాటుతుంది. పండు అంతే, ఎండ అంతే, చాకిరీ అంతే, తూకం మాత్రం రెట్టింపు. తాండ్ర అమ్ముకుని బతికేవాళ్లు పంచదార ఎందుకు కలుపుతారో నాకు అర్థమవుతుంది. వాళ్లను నేను తప్పుపట్టను. పైగా కొంత పంచదార అవసరమే. తాండ్రను చెడకుండా కాపాడేది అదే. చక్కెర చిక్కబడ్డ చోట నీరు దానికి కట్టుబడిపోతుంది, సూక్ష్మజీవులకు అందదు.

కానీ పంచదార పెరిగేకొద్దీ పులుపు పల్చబడుతుంది. పులుపు పోయిన తాండ్రలో మామిడి సగం పోయినట్టే. చెట్టు మీది పండు తింటే ముందు తీపి తగులుతుంది, వెనకనుంచి పులుపు వచ్చి ఆ తీపిని నిలబెడుతుంది. ఎండలో నీరు ఇగిరితే ఆ రెండూ కలిసే చిక్కబడతాయి. ఒక్క తీపి మాత్రమే చిక్కబడితే అది మామిడి వాసనేసిన పంచదార ముక్క. నా చిన్నప్పటి తాండ్ర నమిలితే చెవుల కింద దవడలు జివ్వుమనేవి. ఇప్పటి పసుపు బిళ్ల తిన్నప్పుడు నాకు వెలితిగా తోచింది ఆ జివ్వుమనడమే.

ఇక రంగు. తాండ్ర నల్లగా ఉంటే పాతదనీ, మురికిదనీ, పాడైందనీ అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. కొట్టువాళ్లను అడిగితే అదే చెబుతారు. జనం పసుపుపచ్చటిదే అడుగుతున్నారట. కానీ ఎండలో రోజుల తరబడి ఆరిన మామిడి గుజ్జు పసుపుపచ్చగా ఉండడం దాని స్వభావం కాదు. పండు గుజ్జుకు గాలి తగలగానే అందులోని ఎంజైములు దాన్ని ముదురు రంగుకు తిప్పడం మొదలుపెడతాయి. కోసిన వంకాయ నల్లబడేది ఈ కారణంగానే. పైగా ఎండ వేడికి పండులోని చక్కెర, ప్రోటీన్లు కలిసి గోధుమరంగు పదార్థాలు పుడతాయి, వాటితోపాటు కొత్త వాసనలు పుడతాయి. మామిడికి పసుపు రంగునిచ్చే కెరోటిన్ వెలుతురుకు కొంత విరిగిపోతుంది. ఇవన్నీ కలిసి ఆ ముదురు రంగు, ఆ రంగుతో వచ్చే లోతైన రుచి. పచ్చి పండు వాసన కొంత ఎగిరిపోతుంది, నిజమే. దాని చోట వచ్చే వాసన తాండ్రది మాత్రమే, పండులో దొరకదు.

పసుపు రంగును నిలపాలంటే రెండు మూడు దారులున్నాయి. గుజ్జును ముందే ఉడికిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపితే నల్లబడడం ఆగుతుంది. మరీ కావాలంటే రంగే కలపవచ్చు. ఇవేవీ చట్టం కాదన్న పనులు కావు, పరిమితికి లోబడితే చాలు. అయితే కొనేవాళ్లకు తెలిసి ఉండాలి. సల్ఫైట్ కొందరు ఉబ్బస రోగులకు పడదు. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో 224 అని ఉంటే అది మెటాబైసల్ఫైట్. 102 అంటే టార్ట్రజిన్, 110 అంటే సన్‌సెట్ ఎల్లో, రెండూ కృత్రిమ రంగులే. ఇంకో సంగతి. పొట్లం మీద సరుకుల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. మొదటి పేరు మామిడి గుజ్జా, పంచదారా? ఆ ఒక్క మాట చదివితే చాలు, తినకుండానే రుచి తెలిసిపోతుంది.

తాండ్ర తింటే ఆరోగ్యమని మాత్రం నేను చెప్పను. ఎండలో ఉన్న ఆ వారం రోజుల్లో విటమిన్ సి చాలావరకు పోతుంది. కెరోటిన్ కొంత మిగులుతుంది, పీచు మిగులుతుంది. పళ్లకు అంటుకుంటుంది కాబట్టి తిన్నాక నోరు పుక్కిలించాలి. ఇది మిఠాయి. మిఠాయిగానే గొప్పది.

పందిళ్ల దగ్గర పనంతా దాదాపు ఆడవాళ్లదే. పొద్దు పొడవకముందే పళ్లు ఏరడం, కడగడం, పిండడం. మామిడి సొన తగిలిన చోట చర్మం పొక్కుతుంది, రోజూ తగిలితే వేళ్ల సందులు ఒరిసిపోతాయి. ఎండ ఎక్కేలోపు పోత అయిపోవాలి. ఆ తర్వాత ఈగలు, చీమలు, కాకులు, దుమ్ము. పల్చటి బట్ట కప్పితే గాలి ఆడాలి, కప్పకపోతే ఈగ వాలుతుంది. మధ్యాహ్నం ఒకసారి వచ్చి అంచులు చూస్తారు. సాయంత్రం మంచు, తడి తగలకుండా కప్పాలి, లేదా చాపలను లోపలికి మొయ్యాలి. మనం నీడ వెతుక్కునే వేళల్లో వాళ్లు ఎండను వెతుక్కుంటారు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ రోళ్లు పగిలే పక్షం రోజులే తాండ్రకు అసలైన అదను. మే ఆఖరి వారంలో రోహిణి వస్తుంది, జూన్ 7, 8 తేదీలకల్లా మృగశిర వచ్చేస్తుంది. మృగశిర చినుకు పడిందంటే ఆ ఏటి పోత ముగిసినట్టే.

ఆ అదను ఇప్పుడు మునుపటంత నమ్మకంగా లేదు. మే నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే నాలుగు రోజులు మబ్బు. సగం మందం వచ్చిన చాపల మీద వాన పడితే ఆ వారం పళ్లూ, పంచదారా, కూలీ అన్నీ నేలపాలు. అందుకే కొందరు ప్లాస్టిక్ కప్పిన గుడారాల్లో, సౌర డ్రయ్యర్లలో ఆరబెట్టడం మొదలుపెట్టారు. దాన్ని నేను మంచి మార్పుగానే చూస్తాను. లోపల వేడి నిలుస్తుంది, ఈగ రాదు, దుమ్ము రాదు. పొర మీద పొర పోసే ఓపిక అలాగే ఉంటే రుచికి నష్టం లేదు. నష్టం వచ్చేది గుజ్జునంతా ఉడికించి, ట్రేలో ఒక్కసారే మందంగా పోసి, యంత్రంలో కొన్ని గంటల్లో ఆరబెట్టినప్పుడు. అది వేరే వస్తువు. దానికీ గిరాకీ ఉండవచ్చు, పేరు మాత్రం రెంటికీ ఒకటే కావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంతకన్నా పెద్ద బాధ చెట్లది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు విశాఖ, విజయనగరం జిల్లాల్లో మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా కూలిపోయాయి. వాటిలో ఎవరూ నాటని, ఎవరి లెక్కలోనూ లేని గట్టు మీది నాటు మామిడి చెట్లు ఎన్నో. తోట మళ్లీ వేసుకునేవాళ్లు నర్సరీకి వెళ్లి మార్కెట్లో ధర పలికే అంటుమొక్క తెచ్చుకుంటారు. అది న్యాయమే. పీచు ఎక్కువ, టెంక పెద్దది, పులుపు ఎక్కువ అని తీసేసిన ఆ చెట్టే తాండ్రకు కావలసిన చెట్టు. మీ పొలం గట్టు మీద అలాంటి చెట్టు ఇంకా ఉంటే, దయచేసి దాన్ని కొట్టకండి. ఆ టెంకలు నాలుగు పాతి పెట్టండి.

పండును పొరగా ఆరబెట్టి దాచుకోవడం మన ఒక్కరి విద్య కాదు. బెంగాల్‌లో మాల్దా వైపు దీన్ని ఆమ్‌సొత్తో అంటారు, ఖర్జూరం, టొమాటోలతో కలిపి చట్నీ కూడా చేస్తారు. కొంకణంలో ఆంబా పోళీ, కేరళలో మాంబళ తెర. సిరియాలో ఆప్రికాట్ గుజ్జును ఇలాగే పలకలుగా ఆరబెడతారు, రంజాన్ నెలలో ఆ పలకను నీళ్లలో నానబెట్టి పానకంగా తాగుతారు. గోవా క్రైస్తవులు క్రిస్మస్‌కు జామపండు గుజ్జును పంచదారతో పొయ్యి మీద దగ్గరపడేదాకా కలియబెట్టి పెరాడ్ అనే మిఠాయి చేస్తారు, అది పోర్చుగీసువాళ్ల దగ్గర నేర్చింది. పెరాడ్ చాలా బాగుంటుంది. అది నిప్పు మీద చేసే జెల్లీ. మనది ఎండ మీద చేసేది. పొయ్యి మీద గంటలో దగ్గరపడిన గుజ్జుకు, వారం రోజులు ఆరిన గుజ్జుకు రుచి ఒకటి కాదు. రెండూ తిన్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మామిడి తాండ్రకు ఒక తమ్ముడున్నాడు, తాటి తాండ్ర. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్లు రాలతాయి. కాల్చిన పండు వాసన వీధి చివరి దాకా వచ్చే రోజులవి. ఆ నారింజరంగు గుజ్జును పీచు నుంచి పిండి, బెల్లం కలిపి ఆరబెడతారు. వానల మధ్య దొరికే ఎండతోనే పని కాబట్టి అది మరీ కష్టం. అందులో చిన్న చేదు ఉంటుంది. ఆ చేదు అలవాటు కావాలి, అలవాటైతే వదలదు. పిండగా మిగిలిన టెంకలను మట్టిలో పాతరేస్తే సంక్రాంతి నాటికి తేగలు. అంత చక్కటి తాటి తాండ్ర ఇప్పుడు మామిడి తాండ్రకన్నా అరుదైపోయింది. ఎక్కడైనా కనిపిస్తే ధర అడగకుండా కొనండి.

వచ్చే వేసవిలో ఇంట్లో ప్రయత్నం చేస్తామనేవాళ్ల కోసం పద్ధతి చెప్పి ముగిస్తాను. రెండు మూడు కిలోల రసాలు తీసుకోండి. అన్నీ బాగా పండినవే కాకుండా అందులో రెండు దోరవి వెయ్యండి, పులుపు వాటితో వస్తుంది. చేత్తో పిండి జల్లెడ పట్టండి. పంచదార కిలో గుజ్జుకు 50 గ్రాములు మించకుండా చూసుకోండి, పండు తియ్యగా ఉంటే అసలే వద్దు. చిటికెడు ఉప్పు వెయ్యండి. స్టీలు పళ్లానికి నెయ్యి రాసి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పొయ్యండి. మీద పల్చటి బట్ట కట్టి మేడ మీద, నేలకు ఎత్తుగా పెట్టండి. గుజ్జు అంతా ఒక్కరోజే తీసి ఉంచకండి, రాత్రికి పులుస్తుంది. ఏ రోజు పొరకు ఆ రోజే పిండుకోవాలి. వేలు పెడితే అంటుకోకుండా ఉన్నప్పుడే మీది పొర. ఆరేడు పొరలయ్యాక అంచులు వాటంతట అవే లేస్తాయి. అప్పుడు తిరగేసి, అడుగు వైపు కూడా ఒక రోజు ఎండనివ్వండి.

ముక్కలు కోసి, నూనె అంటని కాగితంలో విడివిడిగా చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. బెల్లం వేసిన తాండ్ర వానాకాలంలో తేమ పీల్చి మెత్తబడుతుంది. అది పాడైనట్టు కాదు. బూజు లేదని చూసుకుని, ఎండ కాసిన పూట మళ్లీ పళ్లెంలో పరిచి ఆరబెడితే బిగుసుకుంటుంది. రెండు మూడు నెలలు ఆగాక తింటే కొత్తలో కన్నా రుచి ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో డబ్బా కాస్త ఎత్తున పెట్టుకోండి.